మోకాటి కింది మీమాంస

స్కాట్లాండు పురుషులు నడుముకు చుట్టుకునే కిల్ట్ అనే గళ్ళ ఉన్ని వస్త్రం మోకాటిచిప్ప నడిమికి వచ్చి ఆగిపోతుంది కాబట్టి, దాన్ని కట్టుకున్నవాడి కష్టాలు కూడా అక్కడితో ఆగిపోతాయని బయటివారు భావిస్తారు గానీ, నిజానికి అసలు కష్టాలు మొదలయ్యేది అక్కడే. ప్యాంటు స్వభావరీత్యా దయగల వస్త్రం. రంగు వెలిసిన మేజోళ్ళనూ, ఒకటి నలుపూ ఒకటి ముదురు నీలమూ అయిన జతలనూ, సాగి జారిపోయిన రబ్బరు అంచులనూ తన గొట్టాలలో దాచుకుని అది యజమాని పరువు కాపాడుతుంది. కిల్ట్‌కు ఆ దాక్షిణ్యం లేదు. పిక్కలు, చీలమండలు, బూట్లు, వీటి మధ్య ఉండవలసిన పొత్తు, ఒక్కోసారి ఆ పొత్తు లేకపోవడం, అన్నీ నడివీధిలో పదిమంది కళ్ళా పడతాయి.

లాంఛనప్రాయమైన కిల్ట్‌కు ఎనిమిది గజాల ఉన్నిబట్ట పడుతుంది. ముందువైపు రెండు పొరలు ఒకదానిమీద ఒకటి చదునుగా వచ్చేటట్టు, వెనుకవైపు కుచ్చిళ్ళన్నీ కుట్టి బిగించి ఉండేటట్టు దాన్ని తయారు చేస్తారు. బరువైన బట్టతో కుడితే అది రెండు కిలోలకు దరిదాపుగా తూగుతుంది. రోజువారీ కిల్ట్, అంటే పెళ్ళీ విందూ లేని రోజున బజారుకో, ఆట చూడడానికో, కొండ ఎక్కడానికో కట్టుకునేది, ఇంతకన్నా తేలిక. దానికి ఐదు గజాలు సరిపోవచ్చు, మేలిరకం ఉన్నికి బదులు పాలిస్టరు కలిసిన బట్టో, ట్వీడ్ అనే ముతక ఉన్నో, జీన్సు గుడ్డో వాడవచ్చు, పైన కోటు లేకుండా టీషర్టుతోనే వీధిలోకి రావచ్చు. లాంఛన వేషంలో ప్రతి అంగుళానికీ నియమం ఉంది కనుక కట్టుకునేవాడు ఆలోచించవలసిన పనే లేదు. అద్దె దుకాణంవారు ఇచ్చిన పెట్టె తెరిచి అందులో ఉన్నవన్నీ తొడుక్కుంటే సరి. రోజువారీ వేషానికి అటువంటి నియమావళి లేదు, లేకపోవడం వల్ల చూసిన ప్రతివాడూ తీర్పరి అవుతాడు, కందకు లేని దురద కత్తిపీటకు పుడుతుంది. పెద్దగా ఆలోచించకుండా వేసుకున్నట్టు కనిపించడమే ఈ వేషానికి పరమార్థం కాగా, అలా కనిపించడానికి చేయవలసిన ఆలోచనకు అంతు లేదు.

ముందుగా మేజోడి సంగతి. కిల్ట్ కింద తొడిగేది చీలమండ దగ్గర ఆగే సాధారణ సాక్సు కాదు, మోకాలిదాకా సాగే మందపాటి ఉన్ని మేజోడు. దీన్ని హోస్ అంటారు. దీని పై అంచును బయటికి మడుస్తారు, మడత కింద గార్టర్ అనే సాగే పట్టీ దాగి ఉండి పిక్కను పట్టుకుంటుంది, ఆ పట్టీకి కుట్టిన రంగు రిబ్బను ముక్కలు, వీటికి ఫ్లాషులని పేరు, కాలికి బయటివైపున మడత కిందినుంచి కాస్తంత తొంగిచూస్తాయి. మడత పై అంచు మోకాటిచిప్పకు మూడు నాలుగు వేళ్ళ కిందుగా ఉండడం మర్యాద అని తెలిసినవారు చెబుతారు. ఈ కొలత ఉత్త చాదస్తమేమీ కాదు: మేజోడు అంతకంటె పైకి ఎక్కి కిల్ట్ అంచును అందుకుంటే మనిషికి మోకాలే లేనట్టు ఉంటుంది, కిందికి జారి పిక్క నడుమ నిలబడితే ఉన్న కాలు కాస్తా రెండు పొట్టి ముక్కలుగా తెగినట్టు ఉంటుంది. పిక్కబలం లేనివారికి మందమైన అల్లికా, నిలువు గీతల అల్లికా కొంత అండ. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో పిక్కలు పలచనైన పెద్దమనుషులు మేజోళ్ళలో ఏకంగా మెత్తలే దూర్చుకునేవారు గనుక, నేటివారు మందపాటి ఉన్నిని ఆశ్రయించడానికి సిగ్గుపడనక్కరలేదు.

మేజోళ్ళను చిల్లర విషయంగా చూడడం చరిత్రలో కొత్త కాదు. 1746 ఏప్రిల్‌లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లాండు ఉత్తరభాగపు పర్వతసీమ తిరుగుబాటుదారులు ఓడిపోయాక, బ్రిటిష్ పార్లమెంటు ఆ సీమ వేషాన్నే నిషేధిస్తూ చట్టం చేసి, 1747 ఆగస్టు 1 నుంచి దాన్ని అమలులో పెట్టింది. సైన్యంలో ఉన్నవారిని మినహాయించి, మొదటి తప్పుకు ఆరు నెలల ఖైదు, రెండో తప్పుకు ఏడేళ్ళ ద్వీపాంతరవాసం శిక్షగా విధించింది. కిల్ట్‌ను, భుజాన కప్పుకునే ప్లెయిడ్ అనే దుప్పటిని, ట్రూస్ అనే బిగుతు లాగును, భుజం పట్టాలను పేరుపేరునా లెక్కపెట్టిన ఆ చట్టం, మేజోళ్ళను మాత్రం పేరెత్తకుండా ఆ వేషానికి చెందిన తక్కిన భాగాలన్న వగైరాలో కలిపేసింది. 1782లో చట్టం రద్దయింది గానీ మేజోళ్ళకు జరిగిన ఈ అవమానాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నిజానికి ఆనాటి గళ్ళ మేజోళ్ళు కొంత గౌరవానికి తగినవే. అవి అల్లినవి కావు. గళ్ళ బట్టను ఏటవాలుగా కత్తిరించి కాలి వంపును బట్టి కుట్టినవి. ఏటవాలు కోతకు సాగే గుణం ఉంటుంది కాబట్టి బట్ట పిక్కను పట్టి నిలిచేది, అదే కోత వల్ల నిలువుగా ఉండవలసిన గళ్ళు డైమండ్ ఆకారంలోకి తిరిగేవి; నేడు ఆర్గైల్ అనే పేరుతో ప్రపంచమంతటా స్వెటర్లమీదా సాక్సులమీదా కనిపించే డిజైను ఆ దారిన వచ్చినదే.

కాళ్ళ అలంకరణ విషయంలో ప్రముఖంగా చెప్పుకోవలసిన వైఫల్యం మాత్రం ఒక రాజుగారిది. 1822 ఆగస్టులో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో నగరానికి విచ్చేసినప్పుడు, ఉత్సవ నిర్వహణ భారమంతా నవలాకారుడు వాల్టర్ స్కాట్ నెత్తిన వేసుకుని, రాజును పర్వతసీమ వేషంలో నిలబెట్టాడు. ఆ వేషానికీ దాని ఆయుధాభరణాలకూ అయిన బిల్లు 1,354 పౌండ్లు దాటింది. భారీకాయుడైన రాజుగారి కిల్ట్ ఉండవలసినదానికన్నా పొట్టిగా వచ్చింది, దాని కింద నగ్నంగా ఉండవలసిన మోకాళ్ళను ఆయన చర్మపు రంగు బిగుతు లాగుతో కప్పుకున్నాడు. వ్యంగ్య చిత్రకారులకు అంతకన్నా ఏం కావాలి? కొన్నేళ్ళ తరువాత ఇదే వేషంలో రాజుగారి చిత్తరువు గీసిన డేవిడ్ విల్కీ, ఆ గులాబీరంగు లాగును తన కుంచెతో ఊడబెరికి, ప్రభువుకు సిసలైన మోకాళ్ళను ప్రసాదించాడు. చలికి భయపడో, సిగ్గుపడో కిల్ట్ కింద బిగుతు లాగు తొడుక్కోవాలనుకునే నేటి యువకుల చిత్తరువులు గీయడానికి విల్కీ లేడు, ఫోన్ కెమెరాలు ఉన్నాయి.

రంగుల విషయానికి వస్తే తెల్ల మేజోళ్ళ తగవు ముందుకు వస్తుంది. గళ్ళ రంగులు ఏవైనా తెలుపు అన్నింటితోనూ కుదురుతుంది గనుక, పెళ్ళిళ్ళకు వేషాలు అద్దెకిచ్చే దుకాణాలకు అది గొప్ప సౌకర్యం అయింది. సంప్రదాయవాదులకు సరిగ్గా ఆ కారణంగానే అది కంటగింపు అయింది. రోజువారీ వేషానికి తెలుపు నప్పదన్న మాట నిజమే, కాకపోతే దానికి కారణం వేరు. ముదురు గళ్ళ కింద రెండు తెల్లని స్తంభాలు నిలబడితే చూసేవారి కళ్ళు ముందు వాటిమీద పడతాయి, తర్వాత కూడా వాటిమీదే ఉంటాయి, పైన ఒక మనిషి ఉన్నాడన్న సంగతి చివరకు గుర్తొస్తుంది. గళ్ళలో కొట్టొచ్చినట్టు కనిపించే ఎరుపునో పసుపునో వదిలి, వెనుక ఒదిగి ఉండే ముదురాకుపచ్చనో, బూడిదనో, నీలాన్నో మేజోళ్ళకు ఎంచుకోవడం క్షేమకరం. పాత ఇటుక రంగు, నాచు రంగు కూడా అన్నింటితోనూ రాజీపడతాయి. రెండు రంగుల చదరపు గళ్ళ మేజోళ్ళు ఆకర్షణీయమైనవే గానీ, వాటికి సైనికదళాల వాసన ఉంది. ఎరుపు తెలుపు గళ్ళు ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్స్ దళానివి, ఎరుపు నలుపు గళ్ళు బ్లాక్ వాచ్ దళానివి. టీషర్టు తొడుక్కుని పాలు కొనుక్కురావడానికి వెళ్ళేవాడు ఒక రెజిమెంటు చరిత్రనంతా పిక్కలమీద మోసుకుపోవడంలో అర్థం లేదు.

బూట్లలో మొదట వివరించవలసింది ఘిల్లీ బ్రోగ్ అనే విచిత్రం. పర్వతసీమలో దొరలను వేటకూ చేపలు పట్టడానికీ తీసుకువెళ్ళే పనివాణ్ణి ఘిల్లీ అంటారు. అతని పేరు మోసే ఈ బూటుకు మామూలు బూట్లకు లేసుల కింద ఉండే నాలుక ఉండదు, పైగా లేసులు మహా పొడుగు. బురదనేలలో తిరిగేవారి బూట్లలో నీరు నిలవకుండా నాలుక లేదనీ, ముడి బురదలో పడకుండా చీలమండ పైకి చేరిందనీ చెప్పే వివరణ సబబుగానే ఉంది గానీ, ఇప్పుడు ఆ బూటు అడుగుపెట్టేది తివాచీలమీదనే. లేసులను ముందు రెండు మూడు మెలికలు పెట్టి, చీలమండ వెనుకనుంచి తిప్పి, ముందుకో పక్కకో తెచ్చి ముడివేయాలి. వదులైతే కేలీ అనే సామూహిక నృత్యంలో రెండో పాటకే అవి మడమల చుట్టూ చేరి పక్కవారి కాళ్ళకు అడ్డం పడతాయి, బిగువైతే పాదం తిమ్మిరెక్కుతుంది, ఇంకా పైకి చుట్టి పిక్క నడుమ ముడివేస్తే అది నాటకశాల వ్యవహారం అవుతుంది. పెళ్ళి కోటుతో ఈ బూటు శోభిస్తుంది. జీన్సు కిల్ట్‌తో దీన్ని తొడిగినవాడు మాత్రం పెళ్ళినుంచి సగం దుస్తులతో పారిపోయి వచ్చినట్టు ఉంటాడు.

రోజువారీ కిల్ట్‌కు ఒప్పే పాదరక్ష, నిస్సందేహంగా, చీలమండ దాటి కొద్దిగా పైకి వచ్చే దళసరి అడుగు తోలుబూటు. నడుము వెనుక గజాలకొద్దీ కుచ్చిళ్ళు ఉండడం వల్ల మనిషి ఆకృతి పైన నిండుగా ఉంటుంది, కింద రెండు సన్నని కాళ్ళు మిగులుతాయి; పలచని అడుగున్న జోడు తొడిగితే ఆ బరువు నేలకు అందక గాలిలో ఊగుతున్నట్టు అనిపిస్తుంది, బరువైన బూటు దాన్ని నేలకు దించుతుంది. పొడవాటి సైనిక బూట్లు పిక్కలను మింగేస్తాయి కాబట్టి అంత దూరం పోనక్కరలేదు. ఈ బూటుతో మేజోణ్ణి మోకాలిదాకా లాగి మడవడం పాత సంప్రదాయం, కిందికి నలిపి బూటు అంచుమీద మడతలుగా వదిలేయడం కొత్త సంప్రదాయం. రెండోదాన్ని దేశదేశాలకు చాటినవారు టార్టన్ ఆర్మీ అని పేరుపొందిన స్కాట్లాండు ఫుట్‌బాల్ అభిమానులు. జట్టు జెర్సీ, కిల్ట్, జారిన మేజోళ్ళు, దుక్కబూట్లు వారి యూనిఫారం. జట్టు గెలుపోటములతో దానికి సంబంధం లేకపోవడం వల్లనే అది ఇంతకాలం నిలిచింది.

జారిన మేజోడు జారినట్టు కనిపించాలే తప్ప నిజంగా జారకూడదన్నది ఈ సంప్రదాయంలోని సూక్ష్మం. అందుకోసం మేజోణ్ణి ముందు మోకాలిదాకా పూర్తిగా లాగి, మడమ భాగం మడమమీదే కూర్చుందని చూసుకుని, బూటు లేసులు బిగించిన తరువాత, రెండు అరచేతులతో పిక్కను పట్టి మెల్లగా కిందికి నెట్టాలి. అప్పుడు బూటు అంచుమీద రెండో మూడో బొద్దు మడతలు పడి నిలుస్తాయి. లేసులు కట్టకముందే నెట్టితే నలిగిన ఉన్నంతా బూటులోపలికి దూరి అరికాలి కింద గుట్టపడుతుంది. పలచని నైలాన్ సాక్సు మడతలు పడదు, వేలాడుతుంది. రెండు కాళ్ళమీదా మడతలు మరీ సమానంగా ఉంటే కొలబద్ద పెట్టి చేశాడని అనుమానిస్తారు, మరీ అసమానంగా ఉంటే జాలిపడతారు. ఫ్లాషులకు ఈ పద్ధతిలో చోటు లేదు. తెల్లటి ఆటల బూట్లతో పొట్టి సాక్సులు వేసేవారూ, చెప్పులు వేసేవారూ లేకపోలేదు. ఎండలో, సముద్రతీరంలో చెప్పులను క్షమించవచ్చు, చెప్పుల్లో సాక్సులను క్షమించడానికి మాత్రం పెద్దమనసు కావాలి. కొండలలో నడిచేవాడికి ఈ ఫ్యాషన్లేవీ పట్టవు. అక్కడ వేసవిలో మిడ్జ్ అనే నలుసంత పురుగులు గుంపులుగా కుడతాయి, ఫెర్న్ పొదల్లో పిడుదులు పొంచి ఉంటాయి, కాబట్టి ఎంతటి ఆధునికుడైనా మేజోళ్ళను గబగబా మోకాలిదాకా లాక్కుని పాత సంప్రదాయానికి తిరిగివస్తాడు.

గ్లాస్గోలోనూ ఎడిన్‌బరోలోనూ ఉద్యోగాలు చేస్తూ తోటివారి పెళ్ళిళ్ళకు కిల్ట్ అద్దెకు తెచ్చుకునే తెలుగువారికి ఈ శాస్త్రంలో పైభాగం తెలియనిదేమీ కాదు. పంచెకట్టు ఎరిగినవాడికి కుచ్చిళ్ళ బరువు, గాలి పోకడ, కూర్చునేటప్పుడు బట్టను సర్దుకోవడం వంటివి ఎవరూ నేర్పనక్కరలేదు. చిక్కంతా కిందనే వస్తుంది. ఎందుకంటే పంచెకట్టులో కాలికి చెప్పే ఉంటుంది, గడపలో అదీ వదిలేయడం అలవాటు, మేజోడు అనేదానికి అందులో చోటే లేదు. ఇలా అంటే మద్రాసు రాజధాని నాటి ప్లీడర్ల ఆత్మలు అభ్యంతరం చెప్పవచ్చు. పంచె, నల్లకోటు, తలపాగా, వాటికింద మేజోళ్ళు, బూట్లు వేసుకుని పాత ఫొటోలలో కుర్చీలమీద బిగదీసుకు కూర్చున్న ఆ పెద్దలు, పంచె కుచ్చిళ్ళు జారి బూటు అంచును దాచేటట్టు చూసుకున్నారు కనుక వారి మేజోళ్ళ రంగు గురించి చరిత్రకు సాక్ష్యం మిగల్లేదు. కిల్ట్ కట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఇక కొనుగోలు క్రమం. ముందు మేజోళ్ళు కొని, వాటి రంగునూ మందాన్నీ చూసి బూట్లు కొనాలి. బూట్లలోకి మేజోడి మందం పట్టాలి కనుక, మామూలు సాక్సులతో సరిచూసి కొన్న బూటు ఉన్ని మేజోడితో బిగుసుకుపోతుంది. ఒకే రంగులో రెండు జతలు తీసుకోవడం వివేకం, ఒక్కటి పోయినా మూడు మిగులుతాయి. ఉన్నిని చల్లని నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు లాగించి, నీడన పరిచి ఆరబెట్టాలి. తొందరపడి వేడినీళ్ళ యంత్రంలో పడేస్తే మేజోడు కుంచించుకుపోయి, మోకాటిచిప్పకు నాలుగు వేళ్ళన్న లెక్క జానెడు అవుతుంది. అటువంటప్పుడు దాన్ని నలిపి బూటుమీదికి దించి, మొదటినుంచీ తనది కొత్త సంప్రదాయమేనని చెప్పుకోవడం కంటె గౌరవప్రదమైన మార్గం లేదు.