“చూస్తానే ఉండావు గదా!” – సటీకా తాత్పర్యం

అవతారిక

జువ్వలదిన్నె నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేటకు నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డున ఉంటాయి, చేతులు వలల చిరుగుల మీద ఉంటాయి, కళ్ళు మాత్రం ఖాళీగా ఉంటాయి. గారడీవాడికి కావలసిన పెట్టుబడి ఆ ఖాళీ కళ్ళే. అందుకే మన మూలానికి రంగస్థలంగా ఈ తీరాన్ని ఎంచుకున్నాం. ఊరి పేరును వ్యాఖ్యాతల పద్ధతిలో విడదీస్తే జువ్వి, దిన్నె అని రెండు మాటలు. దిన్నె అంటే మెరక, కనక వేదిక సిద్ధంగానే ఉంది. జువ్వి అంటే మర్రికీ మేడికీ దాయాది అయిన చెట్టు. ఆ చెట్టు సంగతి ఫలశ్రుతిలో అవసరపడుతుంది, పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

మూలం ఏ తాటాకు మీదా దొరకదు. గుడ్డ పరిచి డోలు కొట్టిన ప్రతిచోటా పుడుతుంది, జనం లేచి ఇసుక దులుపుకోగానే పోతుంది. ఒక్కరు చెప్పింది కాదు గనక అపౌరుషేయమన్నా తప్పులేదు. “ఎలా చేశారు సార్” అన్న నగర పాఠాంతరం ఉన్నా అర్థభేదం లేనందువల్ల నెల్లూరు పాఠాన్నే స్వీకరించాం. మెతుకుసీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికే కట్టుబడతాడు. రెండో సగానికి కూడా కట్టుబడితే వ్యాసం ఇక్కడే ఆగిపోతుంది.

మూలం

ప్రేక్షకుడు: “ఎట్టా చేసినావన్నా?”
గారడీవాడు: “చూస్తానే ఉండావు గదా అబ్బయా!”

ప్రతిపదార్థం

అన్నా = ఓ అన్నా (సంబోధన; ఇంతకుముందు “ఏమయ్యా” అన్నవాడే ఇప్పుడు అన్నా అంటున్నాడు, అవసరం చుట్టరికం కలుపుతుంది); ఎట్టా = ఏ ఉపాయముచేత; చేసినావు = ఒనర్చితివి; అబ్బయా = ఓ నాయనా (చుట్టరికం ఒప్పుకున్నాడు, రహస్యం ఒప్పజెప్పలేదు); చూస్తానే = చూచుచునే (శత్రర్థకం మీద అవధారణార్థకమైన ఏకారం); ఉండావు = ఉన్నావు; గదా = ఇది నీకూ తెలిసినదే సుమా.

తాత్పర్యం

“ఏ ఉపాయంతో చేశావు?” అని ప్రేక్షకుడు అడగ్గా, “మొదటినుంచీ చూస్తున్నవాడివి నువ్వే, తెలియవలసింది నీకే” అని గారడీవాడు బదులిచ్చాడని భావం.

వ్యాఖ్య

పైకి ఇది దాటవేతలా కనిపిస్తుంది. కానీ క్రియలను పట్టి చూస్తే విషయం వేరు. ప్రశ్నలోని క్రియ చేయడం, దాని కర్త గారడీవాడు. జవాబులోని క్రియ చూడడం, దాని కర్త అడిగినవాడు. క్రియ మారింది, కర్త మారాడు, చివరికి కాలం కూడా మారింది: “చేసినావు” అని జరిగిపోయినదాన్ని అడిగితే, “చూస్తానే ఉండావు” అని జరుగుతున్నదాన్ని చూపించాడు. రహస్యం నా చేతిలో లేదు, నీ చూపులో ఉంది అని చెప్పడమే ఈ మార్పుకు ప్రయోజనం. ఆ మాట అక్షరాలా నిజమని ఈ వ్యాఖ్య సిద్ధాంతం. గారడీవాడు ఇవ్వదగిన జవాబుల్లో ఇంతకన్నా నిజాయితీ గలది మరొకటి లేదు.

దీనికి ప్రమాణం ఉంది. గారడీవాడు పొదలకూరు నిమ్మకాయ ఒకటి తీసుకుని పైకి ఎగరేసి పట్టుకుంటాడు. రెండోసారీ అంతే. మూడోసారి చెయ్యి అంతే వేగంగా లేస్తుంది, తల అంతే ఎత్తుకు తిరుగుతుంది, నిమ్మకాయ మాత్రం అరచేతిలోనే ఉండిపోతుంది. గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో బంతితో ఇదే ఆట ఆడించి పరీక్షించారు. ఆడేవాడు తన చూపును కూడా బంతి వెంట పంపినట్టు నటిస్తే, చూసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్ళడం చూశామన్నారు. అతని చూపు చేతిమీదే ఉంటే అలా అన్నవాళ్ళు మూడో వంతుకు తగ్గారు. అంతకన్నా వింత, కళ్ళ కదలికలను కొలిచినప్పుడు బయటపడింది. బంతి పోయిందని చెప్పినచోటికి చాలామంది కళ్ళు అసలు వెళ్ళనే లేదు. బంతి ఎక్కడుందో తెలుసుకోవడానికి వాళ్ళు ఆడేవాడి ముఖాన్ని నమ్ముకున్నారు. కన్ను మోసపోలేదు, మనసు తొందరపడింది. ఆలంకారికులు దీన్ని భ్రాంతిమంతం అనబోతారు గానీ అది చాలదు. భ్రాంతికి పాము కనిపించాలంటే కనీసం తాడైనా ఉండాలి. ఇక్కడ తాడు లేకుండానే పాము. మేజిక్‌తో తెలుగువాళ్ళకు పరిచయమైన బి.వి. పట్టాభిరామ్ ఆ తరువాత మనస్తత్వశాస్త్రం వైపు నడవడం ఈ దృష్టితో చూస్తే దారి మార్చుకోవడం కాదు. “ఎట్టా చేసినావు” అన్న వీధిలో చివరిదాకా నడిస్తే “ఎట్టా చూసినాను” అన్న ఇంటికే చేరతాం.

జవాబుల విభాగం

శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులు ఉన్నట్టే ఈ ప్రశ్నకు జవాబులూ మూడు విధాలు. అభిధ అంటే ఉన్నదున్నట్టు చెప్పేయడం. చెప్పిన మరుక్షణం వినేవాడి ముఖం వాడిపోతుంది, “ఓస్, ఇంతేనా” అంటాడు. ఆ “ఇంతేనా” వెనక ఏళ్ళ సాధన ఉందని అతనికి తట్టదు. లక్షణ అంటే మాటను పక్కకు మళ్ళించడం. వందేళ్ళ కిందట లండన్‌లో డేవిడ్ డెవాంట్ అనే ఇంద్రజాలికుడు ప్రతి వింతకూ అంతా దయవల్లే జరిగిందనేవాడు. మనవాళ్ళ “అంతా మీ దయ”కు అది సోదరి. “రహస్యం దాచగలవా? దాచగలవు కదా, నేనూ దాచగలను” అన్న పాత చమత్కారమూ ఈ కోవలోదే. మూడోది వ్యంజన. మన మూలం ఆ తరగతికి చెందుతుంది. చెప్పింది కొంచెం, స్ఫురించేది ఎంతో.

నాలుగో విధం ఒకటి ఉంది, అభిధాభాసం, అంటే వివరణ వేషం వేసుకున్న గారడీ. 1830 ప్రాంతంలో మద్రాసులో శేషాల్ అని తెల్లవాళ్ళు రాసుకున్న ఒక వృద్ధ బ్రాహ్మణుడు జింక చర్మం చుట్టిన దండం మీద చెయ్యి ఆనించి, నేలకు పైన గాలిలో కూర్చునేవాడు. కూర్చోబోయే ముందూ దిగబోయే ముందూ దుప్పటి అడ్డం పెట్టించేవాడు. ఎలాగో చెప్పలేదు. ఆ తరువాత 1840లలో పారిస్‌లో రాబర్ట్ హూదాఁ తన కొడుకును ఒక కర్ర ఆధారంగా గాలిలో పడుకోబెట్టి, ఎవరూ అడగకముందే జవాబిచ్చాడు: అప్పుడప్పుడే వైద్యంలోకి వచ్చిన ఈథర్ పీలిస్తే ఒళ్ళు తేలికవుతుందట. తెర వెనక వేడి ఇనుము మీద ఈథర్ చల్లించి, ఆ వాసన హాలంతా నింపాడు కూడా. జనం నమ్మారు. పిల్లవాడి ఆరోగ్యం పాడుచేస్తున్నావని కోపంగా ఉత్తరాలు రాశారు. మౌనంగా ఉన్న మద్రాసు వృద్ధుడు ఎవరి బుర్రలోనూ అబద్ధం నాటలేదు. విజ్ఞానం పేరుతో వివరించినవాడు నాటాడు. కాబట్టి వివరణ ఇచ్చినంత మాత్రాన నిజాయితీ అయిపోదు, ఇవ్వనంత మాత్రాన మోసమూ అయిపోదు.

పూర్వపక్షం

దీనిమీద హేతువాది లేచి ఆక్షేపిస్తాడు. అమాయకుల ముందు రహస్యం దాచడమే బాబాల పుట్టుకకు మూలం కాదా? నాలుక మీద కర్పూరం వెలిగించడం, గాలిలోంచి విభూతి తీయడం ఊరూరా తిరిగి చేసి చూపించి, విప్పి చెప్పిన బి. ప్రేమానంద్ చేసింది తప్పా? అతీత శక్తిని పకడ్బందీ పరీక్షకు నిలబెట్టినవాడికి లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరిన అబ్రహాం కోవూర్ తప్పుచేశాడా? 1584లోనే ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ మంత్రగత్తెలన్న నింద పడ్డవాళ్ళను కాపాడాలని గారడీల గుట్టు పుస్తకంగా అచ్చువేశాడు కదా?

ఈ ఆక్షేపం బలమైనదే. వీళ్ళు చేసింది సరైనదే. అయితే ఇందులో రెండు ప్రశ్నలు ఒకే సంచిలో పడ్డాయి, వాటిని విడదీయాలి. “ఇది నిజమా?” అన్నది ఒకటి, “ఇది ఎలా?” అన్నది మరొకటి. 1956 ఏప్రిల్‌లో పి.సి. సర్కార్ బీబీసీలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోశాడు. ఆమె లేచి నిలబడకముందే కార్యక్రమం ముగిసింది. జనం ఫోన్లతో బీబీసీ లైన్లన్నీ నిండిపోయాయి. వాళ్ళు ఎలా కోశాడని అడగలేదు, పిల్ల బతికే ఉందా అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు ప్రేక్షకుడి హక్కు, దాన్ని నాన్చకూడదు. కామసూత్రం 64 కళల పట్టికలో ఐంద్రజాలాన్నీ హస్తలాఘవాన్నీ చేర్చింది. కళ అని ఒప్పుకున్నవాడు మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేశాడు గనక, రెండోదాన్ని దాచుకునే హక్కు సంపాదించుకున్నాడు. శక్తి అని చెప్పుకున్నవాడు మొదటిదానికి అబద్ధమాడాడు గనక, రెండోదాన్ని విప్పించే హక్కు మనకిచ్చాడు. కూటికోసం కోటి విద్యల్లో ఒకటి నేర్చినవాడినీ, కోట్ల కోసం ఒక్క విద్యను దాచినవాడినీ ఒకే కర్రతో కొట్టకూడదు. మన మూలంలోని గారడీవాడు “దైవశక్తి” అనలేదు, “చూస్తానే ఉండావు” అన్నాడు. అంటే ఇది కంటికీ చేతికీ మధ్య వ్యవహారమని ఒప్పుకున్నట్టే.

“గారడీయే” అన్న మాట కూడా అబద్ధం కావచ్చు కదా అని మరో శంక. కావచ్చు. దండి పేరుతో ఉన్న దశకుమారచరితంలో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు రాజు ఎదుట వింతలు చూపిస్తూ, చివర రాజకుమారి పెళ్ళిని కూడా చూపిస్తాడు. రాజు దాన్ని ఇంద్రజాలం అనుకుని సంతోషించి బహుమానాలిస్తాడు. జరిగింది నిజమైన పెళ్ళి. ఆ దశకుమారుల కథలను 13వ శతాబ్దంలో తెలుగు చేసిన కేతన తన కావ్యాన్ని నెల్లూరు మనుమసిద్ధి మంత్రి తిక్కనకే అంకితమిచ్చాడు. ఆ రాజు ఎందుకు మోసపోయాడో చూడాలి. అతను ఏమీ అడగలేదు. తనకు ముందే తెలుసు అనుకున్నాడు. కాబట్టి “ఎట్టా చేసినావన్నా” అన్న ప్రశ్న అజ్ఞానానికి గుర్తు కాదు, మోసపోకుండా కాపాడే కాపలా. గారడీవాడు ఆ ప్రశ్నను కసురుకోకుండా “అబ్బయా” అని లాలించడంలో ఔచిత్యం ఇదే.

ద్వితీయ పూర్వపక్షం

“ఫోనులో వెతికితే గుట్లన్నీ దొరుకుతున్న ఈ రోజుల్లో దాచేదేముంది?” అని మరో ఆక్షేపం. దొరుకుతున్నాయి, నిజమే. 1997లో అమెరికాలో ముసుగు వేసుకున్న ఒక ఇంద్రజాలికుడు టీవీలో గుట్లు బయటపెట్టడం మొదలుపెట్టాడు. మేజిక్ చచ్చిపోలేదు. పెన్, టెల్లర్ అనే జంట అంతకన్నా ముందడుగు వేసి, గిన్నెల కింద బంతుల ఆటను అద్దంలాంటి పారదర్శకమైన గ్లాసులతో ఆడి చూపించింది. బంతి ఎప్పుడు లోపలికి పోతోందో కనిపిస్తూనే ఉంటుంది, ఆశ్చర్యం మాత్రం తగ్గదు. నిమ్మకాయ గుట్టు ఈ వ్యాఖ్యలోనే బయటపడింది. ఇప్పుడు పాఠకులు వెళ్ళి పదిమంది ముందు మూడోసారి ఎగరేసి చూడవచ్చు. చూపు ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే చాలు, నిమ్మకాయ చేతిలోనూ పరువు నేలమీదా ఉంటాయి.

ఈ సంగతి తీరం మనుషులకు ఒకరు చెప్పనక్కరలేదు. నిండుగా తిరిగొచ్చిన బోటును “యాడ పడిందన్నా?” అని అడిగితే “సముద్రంలో” అన్న జవాబు ఏ రేవులోనైనా వస్తుంది. అదీ మన మూలానికి పాఠాంతరమే. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచే సముద్రపు ఉష్ణోగ్రతనూ పత్రహరితాన్నీ చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అందరికీ ప్రకటిస్తోంది. చోటు తెలిసినా గాలి చూడాలి, నీటివాటం తెలియాలి, వల వదిలే క్షణం తెలియాలి. చోటు చెప్పగలిగిన విద్య, పట్టడం నేర్పవలసిన విద్య. గారడీవాడూ అడిగినవాడికి చెప్పడు, నేర్చుకుంటానని వెంట నడిచినవాడికి చెబుతాడు. దాచడం అందరిమీదా కాదు, తొందరమీదే.

ఫలశ్రుతి

సూత్రభాష్యంలో శంకరులు తాడు పట్టుకుని ఆకాశానికెక్కే మాయావిని ఉదాహరిస్తారు. కత్తీ డాలూ పట్టి పైకెక్కేవాడు కల్పితం, నేలమీద నిలబడ్డవాడే నిజమంటారు. తాడు ఎలా నిలిచిందో మాత్రం ఆయన అడగలేదు. ఆయనకు కావలసింది తాడు కాదు, చూసేవాడు. మన గారడీవాడు రెండు మాటల్లో చెప్పిందీ అదే. ఇక జువ్వి చెట్టు మాట. దాని పువ్వు బయట కనబడదు, కాయ లోపలే పూస్తుంది. పువ్వు చూడాలంటే కాయను చీల్చాలి. చీల్చడం నేరం కాదు. చెట్టు విషమని చాటేవాడు వస్తే చీల్చి చూపించాల్సిందే. లేకపోతే దాని కింద గుడ్డ పరుచుకుని కూర్చున్నవాడి ముందు ఇంకోసారి కూర్చోవడం మేలు. ఈసారి నిమ్మకాయను కాదు, అతని కళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి. ఈ వ్యాఖ్య చదివినవారికి రహస్యం దొరకదు గానీ, అడగవలసిన ప్రశ్న దొరుకుతుంది.