రోజూ నడవమన్న ఫ్లెక్సీ గురించి ఏలినవారికి బహిరంగ లేఖ

ఏలినవారి దివ్య సముఖానికి, నందిగామలో కాళ్లను నమ్ముకుని తిరిగే జనం సవినయంగా విన్నవించుకునేది:

ప్రజారోగ్య ఫ్లెక్సీ అనేది పట్టణవాసులను నడకకూ మితాహారానికీ పురికొల్పడానికి రోడ్డు పక్కన కట్టే ప్లాస్టిక్ గుడ్డ. నందిగామ మెయిన్ రోడ్డులో ఈ మధ్య వెలిసినది ఆ జాతిలో పెద్దది. నాలుగు సరుగుడు బాదులు, బైండింగు వైరు, ఒక కరెంటు స్తంభం దానికి ఆధారం. వైశాల్యంలో మూడొంతులు ముఖాలే: పైవరుసలో పెద్దవి, కింది వరుసలో పాస్‌పోర్టు సైజువి, మూలన చేతులు జోడించినది ఒకటి. మిగిలిన జాగాలో రోజూ నడుద్దాం, నూనె తగ్గిద్దాం అన్న హితవు, పక్కన పరుగెత్తుతున్న తెల్లవాళ్ల జంట. ఇంతమంది పెద్దల మధ్య ఇది ఏ శాఖ వారి పుణ్యమో రాయడానికి చోటు చాల్లేదు. బాదులు పాతింది మురుగుకాలువ మీద పరిచిన పలకల సందుల్లో. ఆ రోడ్డులో నడిచేవాళ్లకు మిగిలిన బాట ఆ పలకలే.

దాని పనితీరు ఇలా ఉంటుంది. పలకల మీద వస్తున్న మనిషి ఫ్లెక్సీ దగ్గర ఆగుతాడు. నడవమన్న హితవు చదువుతాడు. తరవాత అడుగున్నర కిందికి, రోడ్డు మీదికి దిగుతాడు. అక్కడ షేర్ ఆటోలు, వాటిని తప్పించుకునే బైకులు, అన్నిటినీ తోసుకుంటూ వచ్చే బస్సు. వయసు మళ్లినవాళ్లు బాదును ఒక చేత్తో పట్టుకుని దిగుతారు. ఆ మేరకు బాదుల వల్ల ప్రజలకు ఉపకారం ఉందని ఒప్పుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు దిగలేక వెనక్కి తిరిగి ఇంటికి పోతారు. ఇంత ఖర్చుపెట్టి నడక మాన్పించే సాధనం ఇంకొకటి లేదు. దాన్ని తీయించాలి. ఇవాళే తీయించాలి.

నడిచే బాటకు కొలతలు లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 2012 నాటి ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రోడ్డు మీది నుంచి బాట ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఆటంకాల్లేని ఫుట్‌పాత్ పొందడం, ప్రాణానికి రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుడి హక్కేనని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. ప్రాణంతో సమానంగా లెక్కగట్టిన ఆ జాగాలో నందిగామలో షాపుల మెట్లు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్, తోపుడు బండ్లు ఉన్నాయి. ఇప్పుడు ఆరోగ్యం కూడా వచ్చి చేరింది. తోపుడు బండివాళ్ల మీద కోపం అక్కర్లేదు. వాళ్లకు చోటు చూపించే పనిని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణాలను పాలించేవారికే అప్పగించింది. ఫ్లెక్సీకి అలాంటి చట్టమేదీ లేదు. పైగా రాష్ట్రంలో ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు 2022లో ప్రకటన వచ్చింది. అప్పట్లో ఎవరైనా ఆ ప్రకటనను ఫ్లెక్సీ మీద వేయించి ఉంటే అందరికీ గుర్తుండేది.

నడక మంచిదన్న సంగతిలో ఎవరికీ పేచీ లేదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరుగా ఒంటికి శ్రమ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దేశంలో ఫిట్ ఇండియా ఉద్యమం 2019 ఆగస్టు 29న మొదలైంది. 2025 మే 21 నుంచి నెలరోజులు రాష్ట్రమంతా యోగాంధ్ర జరిగింది. జూన్ 21న విశాఖ తీరం వెంబడి మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ పొద్దున జనం చాపలు పరుచుకోవడానికి కిలోమీటర్ల కొద్దీ రోడ్డు ఖాళీ అయింది. ప్రభుత్వం తలుచుకుంటే రోడ్డు దొరుకుతుందని దీన్నిబట్టి రుజువైంది. మామూలు మంగళవారం నాడు ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడానికి మాత్రం ఎవరూ తలుచుకోరు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి, ఆదివారం వస్తే చాలు, పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు రోడ్లను బండ్లకు మూసి జనానికి వదులుతున్నారు. గుర్‌గావ్‌లో 2013లో రాహ్‌గిరి పేరుతో అదే పద్ధతి మొదలుపెట్టారు. నందిగామ జనం అంత అడగడం లేదు. ఒక వైపు పలకలు వదిలితే చాలు.

ఇక్కడ నడిచేవాళ్లు ఫ్లెక్సీ రాకముందు నుంచే ఉన్నారు. షుగరు రిపోర్టు చేతికొచ్చిన మర్నాడు మొదలుపెట్టినవాళ్లు కొందరు, రిటైరైన మర్నాడు మొదలుపెట్టినవాళ్లు కొందరు. మైదానం దొరికితే మైదానంలో తిరుగుతారు. దాన్ని మీటింగుకో ఎగ్జిబిషన్‌కో ఇచ్చేసిన రోజుల్లో చందర్లపాడు రోడ్డు పడతారు. తెల్లవారుజామున పత్తి బోరేల ట్రాక్టర్లు, సుబాబుల్ కర్ర లోడ్లు ఆ దారిన వస్తాయి. చాలావాటికి వెనక లైటు ఉండదు. అందుకని నడిచేవాళ్లే సెల్‌ఫోన్ టార్చి వెలిగించి వెనక్కి తిప్పి పట్టుకుంటారు. జగ్గయ్యపేటలో కథ ఇదే, సిమెంటు లారీలు అదనం.

ఇక తిండి. ఈ మెట్ట ప్రాంతపు పాత తిండి జొన్న. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారాక పొలాల్లోకి వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల పొయ్యి మీదికి కూడా వరన్నం ఎక్కింది. అది ఆకలి తీర్చిన మార్పు. దాన్ని తప్పుపట్టేవాళ్లు పస్తు ఎరగనివాళ్లు. తరవాత ఒంటికి పని తగ్గింది గాని కంచంలో అన్నం తగ్గలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు.

దీనికి విరుగుడు జనం ఎప్పటినుంచో వెతుక్కుంటూనే ఉన్నారు. ఇక్కడికి గంట ప్రయాణంలో, విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున, మంతెన సత్యనారాయణ రాజు ఆరోగ్యాలయం పెట్టి ఉప్పూ నూనే లేని వంట నేర్పారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మాన్పించి కొబ్బరినూనె తాగించారు. ఖాదర్ వలీ కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు ఇంటింటికీ చేర్చారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి, ఒకప్పుడు గతిలేనివాళ్ల తిండి అనిపించుకున్న కొర్రలు సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. మామగారు ఉప్పు మానేసి, కొడుకు అన్నం మానేసి, కోడలు సామలు నానబెట్టుకుంటే అత్తగారు ఒకే పూట మూడు వంటలు వండిన ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వీటిలో శాస్త్రం ఎంత, ఉత్సాహం ఎంత అన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 మార్గదర్శకాలు చదివితే తేలుతుంది. వాటిలో వింతలేవీ లేవు: రకరకాల తిండి, కూరగాయలు, పప్పులు, తక్కువ ఉప్పు, తక్కువ నూనె. ఇన్ని విన్న జనానికి ఫ్లెక్సీ కట్టి కొత్తగా చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

నూనె 10 శాతం తగ్గించమని ప్రధాని 2025 ఫిబ్రవరిలో మన్ కీ బాత్‌లో కోరారు. అదే ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ, చిరుతిళ్లలో నూనె, పంచదార ఎంత ఉన్నాయో చెప్పే బోర్డులు ఆఫీసుల్లో పెట్టమంది. మళ్లీ బోర్డే. మరిగి మరిగి పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచే ఉంది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆ కొలత చూసే తీరు ఇది: మూకుడులో నూనె నల్లబడి, నురగ అంచు దాకా పొంగితే అందులోకి ఇంకో పాకెట్టు కత్తిరిస్తారు. నురగ అణుగుతుంది. మిరపకాయ మళ్లీ దిగుతుంది. నూనె తగ్గిద్దామన్న ఫ్లెక్సీ నీడ పడేది సరిగ్గా ఆ బండి మీదే కాబట్టి బేరం కూడా చల్లగా సాగుతుంది.

ఉప్పు, పంచదార, కొవ్వు ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగిజావ ఇవ్వడం 2023 మార్చి 21న మొదలైంది. గేటు దాటగానే బడ్డీ కొట్టులో ఐదు రూపాయల చిప్స్ పాకెట్లు దండలుగా వేలాడుతుంటాయి. ఆ 50 మీటర్లు టేపు పెట్టి కొలవడానికి అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ ఖర్చులో ఎన్నోవంతో ఏలినవారికే తెలియాలి.

ఏలినవారికి కష్టంగా ఉంటే ఫ్లెక్సీని పూర్తిగా తీయించనక్కర్లేదు. రెండు గజాలు వెనక్కి జరిపి గోడకు ఆనించి కట్టించినా సరిపోతుంది. ముఖాలన్నీ ఉంచవచ్చు, ఇంకో వరుస చేర్చినా ఎవరూ ఏమీ అనరు. బాదులు పాతినప్పుడు రెండు పలకలు విరిగాయి. కింద మురుగు కనపడుతోంది, ఆ రెండూ మార్పించాలి. మైదానం గేటు తాళం తెల్లవారుజామున ఐదింటికల్లా తీయించాలి. మీటింగు అయ్యాక డేరా గుంజలు పీకిన గుంటలు పూడ్పించాలి. చీకట్లో వాటిలో కాలు పడి మడమ బెణికితే ఆ మనిషికి మళ్లీ నడవాలన్న ధైర్యం రావడం కష్టం. మంచినీళ్ల కుళాయి ఉంటే మేలు, లేకపోతే సీసాలు ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుంటారు. తూర్పు మూలనున్న స్తంభానికి లైటు వెలగడం లేదు. నిధులు లేవంటే బల్బు నడిచేవాళ్లే తలా కొంత వేసుకుని కొంటారు. స్తంభం ఎక్కడానికి ఒక మనిషిని పంపితే చాలు.

చిత్తగించవలెను.