ఎర్ర కాలిపర్ మహాత్మ్యం

మా ఎదురింటి కుర్రాడు కారుకి కొత్త బ్రేకులు వేయించాడు. ఆ తర్వాత మూడు రోజులు కారు గేటు ముందు నుంచి కదల్లేదు. రిమ్ముల సందుల్లోంచి ఎర్రగా మెరుస్తున్న బ్రేకు కాలిపర్లను కాలనీ అంతా దర్శించుకోవాలి కదా!

"పాతవాటికి ఒకటే పిస్టన్ అంకుల్, వీటికి ఆరు" అన్నాడు, ఆరుగురు కొడుకులు పుట్టినంత గర్వంగా.

"ఎంతయింది బాబూ?"

"లక్షా నలభై. సేఫ్టీ దగ్గర రాజీ పడకూడదు కదా అంకుల్!"

వంగి చూశాను. కాలిపర్ కొత్త పెళ్లికొడుకులా ఉంది. వెనక టైర్లు మాత్రం తిరుపతి వెళ్లొచ్చినట్టు నున్నగా గుండయిపోయాయి. "అవి వచ్చే ఏడాది చూద్దాంలెండి" అన్నాడు.

నాయనా, కాలిపర్ ఆపేది చక్రాన్ని. కారుని ఆపేది టైరు. రోడ్డుని పట్టుకునేది అదొక్కటే. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కింద గడగడమంటుందే, అదే. చక్రం బిగుసుకుపోబోతోంది, టైరు పట్టు అయిపోయింది, ఇక చాలు అని దాని అర్థం. కంపెనీ ఇచ్చిన బ్రేకే అక్కడిదాకా తీసుకెళ్తుంటే, ఆరు పిస్టన్లు వచ్చి చేసేదేముంది? సోలెడు పాలకి గుండిగ పెట్టినా పొంగేది సోలెడే.

ఆ కాలిపర్లతో పాటు వచ్చే పెద్ద డిస్కు దండగ అనను. కారు వేగమంతా బ్రేకు దగ్గర వేడిగా మారుతుంది. వేగం రెండింతలైతే ఆ వేడి నాలుగింతలు. రేసు ట్రాకు మీద మలుపు మలుపుకీ అలా తొక్కితే చిన్న డిస్కు కాగిపోయి పట్టు సడలుతుంది. పెద్దది తట్టుకుంటుంది. 1953లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసుని జాగ్వార్ గెలిచింది డిస్కు బ్రేకుల బలంతోనే. మావాడి రేసు ట్రాకేమో మియాపూర్ నుంచి గచ్చిబౌలి. అక్కడ సెకండ్ గేరు పడటమే పండగ. పోనీ తిరుమల ఘాట్ దిగాలంటారా? సెకండ్ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు కాలిపర్‌తో ఆగినా బాగుండేది. పెద్ద డిస్కుకి పాత రిమ్ము చాలదు, పెద్ద రిమ్ము కావాలి. దానికి పలచటి టైరు. ఆ టైరుకి మన గుంతలు. మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ ఇంకా లోపలికి దిగుతుంది. ముందు, వెనక బ్రేకులకి కంపెనీ ఇంజనీర్లు కుదిర్చిన లెక్క తప్పుతుంది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు అడిగే ప్రశ్నలకి పిస్టన్లు జవాబు చెప్పవు.

ఇందులో పేదల పథకం కూడా ఉంది. ఎర్రటి ప్లాస్టిక్ కాలిపర్ తొడుగులు! వెనక డ్రమ్ము బ్రేకుల మీద కూడా అంటించుకుని తిరిగేవాళ్లున్నారు. పైన పటారం, లోన లొటారం. మావాడికంటే వీళ్లే నయం. ధర తక్కువ, కారు ఆగే దూరంలో తేడా మాత్రం ఇద్దరికీ అదే సున్నా.

అవుటర్ రింగు రోడ్డు మీద 120లో వెళ్లే కారు సెకనుకి 33 మీటర్లు పరిగెత్తుతుంది. ఫోనులో మెసేజీ వంక రెండు సెకన్లు చూస్తే 66 మీటర్లు. ఆ 66 మీటర్లూ ఆరు పిస్టన్లు ఖాళీగా కూర్చుంటాయి, తొక్కాల్సిన కాలు ఇంకా కదల్లేదు కాబట్టి.

కాబట్టి బాబూ, ముందు ఆ గుండు టైర్లు మార్చు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించు, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. ప్యాడ్లు అరిగాయేమో చూపించు. అన్నీ కలిపినా నీ కాలిపర్ల ఖర్చులో నాలుగో వంతు కాదు. ఎర్రగా ఏదో ఒకటి మెరవాలనుకుంటే, కారు వెనక బ్రేకు లైట్లున్నాయి. నిన్న చూశాను, ఎడమవైపుది వెలగడం లేదు.