చేపల తొట్టి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
తొట్టి నీటినంత తోడి పోయకుమయ్య
అడుగు బురద తీసి యాకులేరు
చిటికెడైన చాలు చేపల కడుపుకు
గోడ పాచి గోకు గుణము మాను

అవతారిక

శిశిరంలో వేపచెట్టు రాల్చిన ఆకంతా పెరటి సిమెంటు తొట్టిలో చేరింది. చైత్రం వచ్చేసరికి ఎండ ముదిరి, నీరు చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది. అందులో బంగారు చేపలున్నాయో పోయాయో తెలియడం లేదు. ఉగాదికి చుట్టాలొస్తారు. ఇల్లు దులిపించినట్టే తొట్టినీ కడిగించాలని ఇంటాయన మోటారు, కొబ్బరిపీచు, బ్లీచింగ్ పౌడర్ సమకూర్చుకుని, పంచె ఎగగట్టి దిగబోతుండగా, ఆయనను వారించడానికి కవి ఈ పద్యం చెప్పాడు. కవి పేరూ కాలమూ తెలియవు. బ్లీచింగ్ పౌడర్ ఎరిగినవాడు కనుక మరీ ప్రాచీనుడు మాత్రం కాడు.

ప్రతిపదార్థం

అయ్య = ఓ గృహస్థుడా; తొట్టి నీటిని = పెరటి తొట్టియందలి జలమును; అంత = చుక్క మిగులకుండ; తోడి = బాల్చీతో గాని మోటారుతో గాని తోడి; పోయకుము = పారబోయకుము; అడుగు బురద = అట్టడుగున పేరుకొన్న నల్లని ఒండును; తీసి = మెల్లగా తొలగించి; ఆకులు = వేప, మామిడి మున్నగువాని రాలుటాకులను; ఏరు = ఏరి పారవేయుము; చేపల కడుపుకు = మత్స్యముల ఉదరమునకు; చిటికెడు ఐన = రెండు వేళ్ళ నడుమ పట్టినంత మేతయైనను; చాలు = సరిపోవును; గోడ పాచి = తొట్టి గోడలనంటిన జిగురు పొరను; గోకు గుణము = పీచుతోనో ఇటుకముక్కతోనో గీకివేయు పుట్టుబుద్ధిని; మాను = విడిచిపెట్టుము.

తాత్పర్యం

ఓ గృహస్థుడా! తొట్టి నీరంతా పారబోయకు. అడుగున కుళ్ళేదాన్ని తీసెయ్యి. మేత తగ్గించు. గోడ జోలికి పోకు. తొట్టిని బాగుచేసేవాళ్ళు నీకంటే ముందే అందులో కాపురం ఉన్నారు. వాళ్ళను వెళ్ళగొట్టకపోవడమే నీ వంతు పని అని భావం.

విశేషాలు

'అంత': కవి నీరు తీయవద్దనలేదు, అంతా తీయవద్దన్నాడు. మరి ఎంత తీయాలి? నాలుగోవంతు అని అనుభవజ్ఞుల మతం. 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల తొట్టి 40 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు సుమారు 28.3 లీటర్ల లెక్కన అందులో 1,130 లీటర్ల నీరు పడుతుంది. అందులో నాలుగోవంతు 280 లీటర్లు, అంటే 20 లీటర్ల బాల్చీతో 14. పదిహేనో బాల్చీ ఎత్తేవాణ్ణి 'అయ్య' అని గౌరవించనక్కరలేదు.

శంక: కొత్త నీళ్ళు పోస్తే తొట్టి తేటగా ఉంటుంది కదా?

సమాధానం: ఉంటుంది, చుట్టాలు వెళ్ళేదాకా. పచ్చదనానికి కారణం కంటికి కనపడని ఏకకణ శైవలాలు. వాటికి ఎండ కావాలి, ఎరువు కావాలి. ఎండ చైత్రం ఇస్తుంది. ఎరువు చేపల విసర్జన నుంచీ, మిగిలిన మేత నుంచీ, కుళ్ళిన ఆకు నుంచీ వస్తుంది. నీరు మార్చినా ఈ రెండూ మారలేదు గనుక పచ్చదనం మళ్ళీ వస్తుంది. పైగా కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను బాధిస్తుంది. ఆ నీటిని వెడల్పాటి డ్రమ్ములో ఒక రోజు ఎండకు ఉంచి పోయాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. దాన్ని ఎత్తు నుంచి ధారగా పోయాలి.

'ఆకులేరు': ఇక్కడ ఒక అపపాఠం ఉంది. ఇంట్లో కుర్రవాడు దీన్ని 'ఆకు, లేరు' అని విడగొట్టి, "ఆకులు తీయడానికి ఇంట్లో ఎవరూ లేరు" అని అర్థం చెప్పి లేచిపోయాడు. ఇది వ్యాకరణానికి నిలవదు. ఆకులు, ఏరు అనే పదవిభాగమే సాధువు. ఆ 'ఏరు' మధ్యమపురుష ఏకవచనం, అనగా అతడికే వర్తిస్తుంది. ఆకు నీటిలో కుళ్ళేటప్పుడు చేపలకు అందవలసిన ప్రాణవాయువును వాడేసుకుంటుంది. ఉగాదినాటికి వేపపూత కూడా రాలి నీటిమీద తెట్టులా కడుతుంది. పాత దోమతెర గుడ్డ కట్టిన జల్లెడతో దాన్ని ఎత్తేయడం పచ్చడి కలపడానికి ముందు చేయవలసిన పని.

'చేపల కడుపుకు': ఇక్కడ కవిమీద ఒక ఆక్షేపణ ఉంది. బంగారు చేప, కోయి రెండూ కార్ప్ కుటుంబానివి. ఆ కుటుంబానికి జీర్ణాశయమే లేదు. నోట్లో పడిన మేత గొంతులోని పళ్ళతో నలిగి నేరుగా పేగులోకి పోతుంది. లేని కడుపును కవి ఎలా చెప్పాడు? లోకవ్యవహారాన్ని బట్టి చెప్పాడని కొందరు సమర్థిస్తారు. కడుపే లేనిదానికి చిటికెడు కూడా ఎక్కువేనని ధ్వనింపజేశాడని మా మతం. దాచుకునే సంచి లేదు గనుక ఒకేసారి వేసిన గుప్పెడు మేతలో చాలావరకు అడుగుకు చేరి ఎరువవుతుంది. రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిస్తే, ఆకలి కాబోలని మరో గుప్పెడు విసిరే దయామయులున్నారు. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. పగలు ప్రాణవాయువునిచ్చే శైవలాలే రాత్రి దాన్ని పీల్చుకుంటాయి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు. 30 డిగ్రీల వద్ద 7.5కు మించి పట్టుకోలేదు. అప్పుడు వేయవలసింది మేత కాదు, గాలి పంపు.

'గోడ పాచి': ఇది పద్యానికి ప్రాణం. చేపలు మొప్పల ద్వారా అమోనియాను వదులుతాయి. అది వాటికే విషం, నీరు వేడెక్కిన కొద్దీ మరింత విషం. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. దాన్ని మొక్కలు తినేస్తాయి. ఈ బాక్టీరియా ఎక్కువగా ఉండేది నీటిలో కాదు, గోడనూ రాళ్ళనూ ఫిల్టరు స్పాంజినీ అంటుకున్న జిగురులో. పీచు పట్టినవాడు మురికిని కాదు, పారిశుద్ధ్య సిబ్బందిని తొలగిస్తున్నాడు. మళ్ళీ కొత్త సిబ్బంది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి కింద కడగరాదని, తొట్టి నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండాలని ఉపవిధి.

'గోకు గుణము' అనడంలో గృహస్థుల సహజ ప్రవృత్తిని ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల స్వభావోక్తి. గోడ, గోకు, గుణము అని గకారం తిరగడం వల్ల వృత్త్యనుప్రాస. ఆ పాదం గట్టిగా చదివితే పీచు రుద్దే చప్పుడు వినిపిస్తుందని రసజ్ఞులు.

ప్రతివాది మతం: కైకలూరు వైపు చెరువుల రైతు ఈ పద్యాన్ని ఒప్పుకోడు. నీరు పచ్చబడలేదని దిగులుపడి, పేడా ఎరువూ వేసి మరీ ఆయన పచ్చ చేస్తాడు. పచ్చదనాన్ని తిని జంతుప్లవకాలు, వాటిని తిని బొచ్చె చేప పెరుగుతాయి. ఇటలీ మతాచార్యుడు ఆంజెలో సెక్కీ 1865లో సముద్రపు నీటి తేటదనం కొలవడానికి తెల్లని పళ్ళాన్ని దించి చూశాడు. ఆ సెక్కీ పళ్ళెమే ఇప్పుడు చేపల చెరువుల్లోనూ మునుగుతుంది, నీరు మరీ తేటగా లేదు కదా అని చూడటానికి. పచ్చనీరు స్వతహాగా దోషం కాదని దీనివల్ల తేలుతోంది. రైతుకు చేప బరువు కావాలి, మనకు చేప కనబడాలి. ప్రయోజనభేదమే గాని విరోధం లేదు.

శంక: చేపలనే తీసేస్తే మేతా లేదు, మలమూ లేదు కదా?

సమాధానం: దోమలుంటాయి. రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా జీవిని కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఆ పరిశోధన పెరట్లో మళ్ళీ మొదలుపెట్టనక్కరలేదు. నాలుగు గప్పీలుంటే దోమపిల్లల్ని అవే తింటాయి.

అనుక్తాలు: నీడ సంగతి పద్యంలో లేదు. 'అయ్య' అనే సంబోధన ఆదరాన్ని సూచిస్తుంది, ఆదరం గలవాడు నీడ కల్పిస్తాడు, కనుక కలువాకులు అందులోనే ఇమిడి ఉన్నాయని మేము సాధిస్తాము. నీటి పైభాగంలో సగానికి పైగా కలువాకులు కప్పితే శైవలాలకు ఎండా దక్కదు, ఎరువూ దక్కదు. తొందరపడేవాళ్ళు గుర్రపుడెక్క వేస్తారు. అది నైట్రేట్‌ను గబగబా తింటుంది, నిజమే. అయితే పెరిగినదాన్ని ఊరి చెరువులో విసిరితే చెరువే కనపడకుండా పోతుంది. తీసినదాన్ని మొక్కల మొదట్లో ఎరువుగా వేయాలి.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని మోటారు స్విచ్చి పక్కన అతికించుకుని, దిగబోయే ముందు ఒకసారి చదువుకునేవారి తొట్టిలో, కలువాకు పరుచుకునేసరికి అడుగున పడిన రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో పైనుంచే తెలుస్తుంది. చదివి కూడా పీచు పట్టుకున్నవారికి ఉగాదినాడు తెల్లటి తొట్టి, శ్రీరామనవమికి పచ్చటి తొట్టి ప్రాప్తిస్తాయి. పానకానికి వచ్చిన చుట్టాలు చేపలేవని అడిగితే వారికి చదివి వినిపించడానికి కూడా ఈ పద్యం పనికివస్తుంది.