మాఘమాసంలో కయాక్

ఖరగ్‌పూర్‌లో చలికాలం వచ్చిందని చెప్పేది వాతావరణ శాఖ కాదు, మంకీ టోపీ. కాళీపూజ దీపాలు ఆరకముందే గోల్ బజార్ కొట్లలో అవి వేలాడతాయి. సరస్వతీ పూజ దాటితే గానీ ఇరుగుపొరుగు ముఖాలు పూర్తిగా కనబడవు. తాతల నాడు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా తెలుగువాళ్ళం, బెంగాలీల దగ్గర భాష కొంత, వంట కొంత నేర్చుకున్నాం గానీ చలికి భయపడటం మాత్రం సాంతం నేర్చుకున్నాం. కిటికీ తలుపు బెత్తెడు తీస్తే చాలు, "ఠండా లేగే జాబే" అంటాం. అదీ శ్రీకాకుళం యాసలో.

ఇలాంటి ఊళ్ళోకి మాఘమాసం చివర్లో మా మేనల్లుడు ఒక కయాక్ మోసుకొచ్చాడు. గాలి కొడితే పడవ, గాలి తీస్తే పరుపుచుట్ట. వాడిది బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఉద్యోగాల్లో ఒళ్ళు అలవదు కాబట్టి, సెలవుల్లో డబ్బిచ్చి ఒళ్ళునొప్పులు కొనుక్కుంటారు.

"మావయ్యా, దీఘాలో తెడ్డేద్దాం, వస్తావా?"

నేను జవాబు చెప్పేలోగా లోపలినుంచి మా ఆవిడ చెప్పింది. "సీజనంతా అయిపోయాక, ఈ చలిలో సముద్రమేటండీ! వయసేటి, వేషాలేటి!"

ఈ మాట అన్నది ఎవరు? మాఘ పున్నానికి తెల్లారకుండా కళింగపట్నం వెళ్ళి, సముద్రంలో మూడు మునకలేసి, తడిచీరతోనే దీపం పెట్టి వచ్చిన తల్లికి పుట్టిన కూతురు. మకర సంక్రాంతికి గంగాసాగర్‌లో లక్షలమంది మునిగేదీ ఈ బంగాళాఖాతంలోనే, ఇంతకన్నా గట్టి చలిలోనే. పుణ్యానికి అడ్డురాని చలి తెడ్డుకి ఎందుకు అడ్డొస్తుందో నాకు అర్థం కాలేదు. ఆ సంగతి పైకి అడగలేదు. నేను టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఎవరిని ఏ ప్రశ్న అడగకూడదో తెలుసు.

అసలు సంగతేమిటంటే, చలి సముద్రంలో లేదు. ఖరగ్‌పూర్ తెల్లవారుజామున 12 డిగ్రీలకు దిగిన రోజుల్లో కూడా ఇటు సముద్రపు నీళ్ళు దాదాపు 24, 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. మన బకెట్లో నీళ్ళకంటే నయం. పైగా ఫాల్గుణం దాటితే కాలబైశాఖి గాలివానలు మొదలవుతాయి, ఆ తర్వాత నైరుతి అలలు. సముద్రం మన మాట వినేది ఈ రోజుల్లోనే. సీజన్ అయిపోయిందనేది ఒడ్డున జాల్‌ముడి తినేవాళ్ళ లెక్క.

బయల్దేరాం. మా స్టేషన్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిన్నప్పటినుంచీ చుట్టాలకు చూపించుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో ఆ కిరీటం లాక్కుంటే ఊరంతా బాధపడింది. కయాక్ మూట భుజాన వేసుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నడిచిన రోజున మాత్రం, గోరఖ్‌పూర్‌లో ఉద్యోగం చేయనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

రైల్లో మేనల్లుడు నాకు ధైర్యం నూరిపోశాడు. ఆస్కర్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దింపాడట. పనిలేక బయల్దేరినవాడు సైప్రస్, ఇరాన్, సింహళం దాటి, మన తూర్పు తీరం వెంబడే పైకొచ్చి, బర్మా మీదుగా ఏడేళ్ళకు ఆస్ట్రేలియా అంచు చేరాడు. అప్పటికి 1939 సెప్టెంబరు. యుద్ధం మొదలైంది కదా, శత్రుదేశస్థుడని అక్కడి పోలీసులు పట్టుకుపోయారు. ఏడేళ్ళు టికెట్టు లేకుండా తిరిగి చివరి స్టేషన్లో దొరికిపోయినవాణ్ణి నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

దీఘా ఒడ్డున పాత వైపంతా కోతకు అడ్డుగా వేసిన రాళ్ళు. అక్కడ గాలిపడవ దింపితే మళ్ళీ పరుపుచుట్టే. అందుకని ఒడిశా సరిహద్దున ఉదయ్‌పూర్ ఇసుకలోకి వెళ్ళాం. అక్కడ లోతు మెల్లగా పెరుగుతుంది.

రైల్వే మనిషికి కయాక్‌లో మొదట కనబడేవి లేని వస్తువులు. బ్రేకు లేదు. లాగడానికి గొలుసు లేదు. సిగ్నల్ లేదు, పట్టాలు అసలే లేవు. ఉన్నదల్లా టైంటేబుల్ ఒకటి: పోటు, పాటు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కానీ ఎంత ఆలస్యమో ముందే చెప్పి మరీ వస్తుంది. ఈ మర్యాద మా శాఖలో లేదు.

ఇంకో చిక్కుంది. దీఘా ముఖం దక్షిణానికి. శీతాకాలపు గాలి ఉత్తరం నుంచి, అంటే నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున నిలబడితే అలలు చిన్నవిగా, ఎంతో బుద్ధిగా కనబడతాయి. ఆ గాలే వెనకనుంచి నెడుతూ తెడ్డు వేయకపోయినా లోపలికి తీసుకుపోతుంది. వెళ్ళేటప్పుడు పాసింజరు ఎక్స్‌ప్రెస్ అవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు గూడ్సు. అందుకే నేను పడవకి పొడవాటి నైలాను తాడు కట్టించి, రెండో కొస మా బావమరిది చేతికిచ్చాను. బండికి గార్డు ఉండాలి కదా. మేనల్లుడు పరువు పోయిందన్నాడు. పోనిమ్మన్నాను.

నీళ్ళ మీద చలి వేయలేదు. లైఫ్ జాకెట్ స్వెటర్ పని చేసింది, తెడ్డు మిగతా పని చేసింది. కాసేపటికి చెమట కూడా పట్టింది. చలి వేసింది దిగాక. తడిబట్టల మీద ఆ ఉత్తరపు గాలి తగిలేసరికి దవడలు వాటంతటవే తాళం వేశాయి. ఫ్లాస్కులో టీ లేకపోతే మా ఆవిడ మాటే నెగ్గేది.

కాబట్టి చలికాలం పోయేలోగా మీరూ వెళ్ళండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి. పోటు వేళ చూసుకుని దిగండి. పొడిబట్టలు ఒడ్డునే ఉంచుకోండి, బసలో కాదు. ఉత్తరపు గాలి ఉంటే తాడు లేకుండా కదలొద్దు. తాడు పట్టేవాణ్ణి మాత్రం బాగా ఆలోచించి ఎంచుకోండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన బావమరిది, ఇసుకలో ఎండ తగలగానే, తాడు వేలికి చుట్టుకుని గుర్రు పెడతాడు.