మా రోజుల్లో పిన్నీసు చాలేది

పెళ్లి చీరకి జాకెట్టు గుడ్డ కలపడానికి నేను కూడా అంత సేపు తీసుకోలేదు. మొన్న డాలస్‌లో మా అమ్మాయి తుపాకీకి పర్సు కలపడానికి రెండు గంటలు పట్టింది. "నలుపైతే అన్నిటి మీదకీ వెళుతుంది కదమ్మా?" అని నన్నే సలహా అడిగింది. ఏం చెప్పను? పిస్తోలు మీదకి ఏ రంగు నప్పుతుందో మా అమ్మ నాకు నేర్పలేదు.

అల్లుడూ అమ్మాయీ అక్కడ పెట్రోలు బంకు నడుపుతారు. రాత్రి పదకొండింటికి కట్టేసి, గల్లా డబ్బు పట్టుకుని ఇంటికి రావాలి. అందుకని కొన్నదట. లైసెన్సు ఏదే అంటే, టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడ్డుపెట్టిన వాళ్లు తప్ప, 21 ఏళ్లు నిండితే వెంట పెట్టుకు తిరగడానికి పర్మిట్ అక్కర్లేదంది. మా ఊళ్లో ఒకే ఒక మోతుబరికి లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు చూపించి గొప్పలు చెప్పుకునేవాడు కూడా.

షాపులో గోడ నిండా సంచులు. గులాబీవీ, కుచ్చులవీ, పూలవీ. కన్సీల్డ్ క్యారీ పర్సులట. చూస్తే పేరంటానికి పట్టుకెళ్లేవే, పక్కన కనిపించని జిప్పు ఒకటి అదనం. అమ్మే ఆవిడ నా వయసుదే, తెల్లజుట్టు, కౌబాయ్ బూట్లు. నీలం ప్లాస్టిక్ డమ్మీ తుపాకీ ఒకటి పట్టుకుని ఓపిగ్గా చెప్పింది. తుపాకీకి విడిగా అర ఉండాలి, అందులో తాళంచెవులూ లిప్‌స్టిక్కూ పడకూడదు, ట్రిగ్గర్‌కి తగులుకుంటాయి. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే తొడుగు లోపల కదలకుండా అతుక్కుని ఉండాలి. జిప్పుకి తాళం పడాలి. కుడిచేత్తోనైనా ఎడమచేత్తోనైనా తీయగలగాలి. పట్టీలో ఉక్కు తీగ ఉంటే దొంగ కోసి పట్టుకుపోలేడు. భుజానికి అడ్డంగా వేసుకోవాలి, హోటల్లో కుర్చీకి తగిలించకూడదు, బజార్లో బండిలో పడేయకూడదు. అంతా చెప్పి చివర్లో, "అసలు ఒంటికే కట్టుకోవడం మేలు, సంచి పోతే తుపాకీ కూడా పోతుంది" అంది. మరి ఈ గోడంతా ఎందుకమ్మా తల్లీ!

మా రోజుల్లో ఆడది ఏదైనా దాచుకోవాలంటే రొంటినో, కొంగు ముడిలోనో. మా అమ్మమ్మ డబ్బు తిత్తి బొడ్లో దోపుకుంటే యముడు కూడా కనుక్కోలేడు. ఇక ఆయుధమంటారా, పిన్నీసు. తెనాలి బస్సులో వెనకనించి ఎవడైనా ఒరుసుకున్నాడా, నల్లపూసల గొలుసుకి తగిలించుకున్న పిన్నీసు విప్పి ఒక్క పోటు. వాడు అరవనూ లేడు, ఎందుకరిచాడో చెప్పనూ లేడు. రెండో ఆట సినిమాకి పది మందిమి కలిసి, మూడు బ్యాటరీల టార్చితో వెళ్లి వచ్చేవాళ్లం.

భయాల్లేవని అనను. ఆ పది మందిలో ఒకత్తిని బయటివాడు కాదు, ఇంటివాడే కొట్టేవాడు. దానికి పిన్నీసూ పనికి రాలేదు, టార్చీ పనికి రాలేదు.

అలాగని ఆడవాళ్ల తుపాకుల విషయంలో మన దేశం మరీ వెనకబడి లేదు. కాన్పూరు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లు ఆడవాళ్ల కోసమని 2014లో 'నిర్భీక్' రివాల్వరు తెచ్చారు. అర్ధకేజీ బరువు, లక్షా ఇరవై వేల పైన ధర, నగల పెట్టెలాంటి మెరూన్ పెట్టెలో పెట్టి. ఆ డబ్బుతో అప్పట్లో కాసుల పేరుకి బయానా ఇవ్వచ్చు కదా అనుకున్నాను.

షాపులో ఆ తెల్లజుట్టావిడ నా మొహం చూసి నా అనుమానం కనిపెట్టినట్టుంది, కిలీన్ కథ ఎత్తుకుంది. టెక్సస్‌లోనే ఆ ఊళ్లో, 1991 అక్టోబరు 16న, ఒకడు పికప్ ట్రక్కుతో హోటల్ అద్దాలు బద్దలుకొట్టి లోపలికొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. తల్లిదండ్రులతో భోజనానికొచ్చిన సుజానా హప్ చెయ్యి తన పర్సు మీదకి పోయిందట. తుపాకీ కారులో ఉంది, వెంట తెచ్చుకుంటే చట్టం ఒప్పదని. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. తర్వాత ఆవిడే శాసనసభకి ఎన్నికైంది. ఆ కథకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. 2014 డిసెంబరు 30న, ఐడహోలో, ఒక పెద్ద బజార్లో తల్లి తన పర్సు బండిలో పెట్టింది. క్రిస్మస్‌కి మొగుడు కొనిచ్చిన పర్సే, తుపాకీకి ప్రత్యేకంగా జిప్పు అర ఉన్నదే. బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు చెయ్యి అందులోకి వెళ్లింది. తల్లి అక్కడికక్కడే పోయింది.

నా గోలంతా ఇక్కడే. అర తాళాలూ ఉక్కు తీగలూ అన్నీ దొంగ కోసం ఆలోచించారు. ఆడదాని సంచిలో ముందు చెయ్యి పెట్టేది దొంగా? పిల్లలు! రూపాయికీ, బిళ్లకీ, రుమాలుకీ, ఏమీ లేకపోయినా ఏముందో చూద్దామనీ. అమ్మ సంచీ అమ్మమ్మ సంచీ ఉమ్మడి ఆస్తి, అడగకుండా తడిమే హక్కు వాళ్లకి పుట్టుకతోనే వస్తుంది. అలాంటి దాంట్లో తుపాకీ పెట్టి, ఎంత మంచి తోలుతో కుడితే మాత్రం ఏం లాభం?

అమ్మాయి నల్లదే కొంది. నేను పట్టుబట్టి, ఇంట్లో పెట్టడానికి నంబరు తాళం ఉన్న ఇనప్పెట్టె కూడా కొనిపించాను. పర్సుకంటే దానికే ఎక్కువైంది. ఇంటికి రాగానే తుపాకీ పెట్టెలోకి, పెట్టె అలమార పైకి వెళ్లాయి. గెలిచానని సంతోషపడుతూ కాఫీ కలుపుకుంటున్నాను, హాల్లోంచి కెవ్వుమని కేక.

సోఫా మీద నోరు తెరుచుకుని పడున్న నా సంచిలో పల్లీపట్టీ కోసం వెతుకుతూ, మనవడు పిన్నీసు గుచ్చుకున్నాడు.