ఆటనాడు మూగనగు ఈల

ఈల యనగానే తెలుగు పాఠకునకు రైలు గార్డు చేతిలోనిదో, నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు జవాను నోటిలోనిదో, కాకున్న సినిమా హాలులో కథానాయకుడు తెరపై కాలు మోపగానే నేల తరగతి నుండి లేచునదో జ్ఞాపకమునకు వచ్చుట సహజము. నేనా మూడు శాఖలలో దేనికిని చెందను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెనెసీ యను రాష్ట్రమున, నాక్స్‌విల్ పట్టణమునందలి విశ్వవిద్యాలయములో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిన పాట్ సమిట్ అను నామె మెడలో 1974 మొదలుకొని 2012 వరకు, 38 యేండ్లు వ్రేలాడితిని. ఆమె జట్టు గెలిచిన ఆటలు 1,098, ఓడినవి 208. ఈ యంకెలు చూచి నేనెన్ని విజయములకు గొంతు కలిపితినో యని ముచ్చటపడవలదు. ఆటనాడు నేను మూగను. ఆనాడు ఊదు నధికారము చారల చొక్కాలు తొడిగిన రిఫరీలదే. శిక్షకురాలికి అరచుటకు స్వేచ్ఛ కలదు గాని ఈల యూదుటకు లేదు. కనుక నేనెరిగినది అభ్యాసము. ఆటలను గూర్చి నేను చెప్పునదంతయు తరువాత అభ్యాసశాలలో విన్నది. అయినను శిక్షకురాలి జీవితమున అసలు అభ్యాసమేయనియు, చప్పట్లు మ్రోగు ఆ రెండు గంటలును దానిపై వచ్చు వడ్డీ మాత్రమేయనియు నా నమ్మకము.

మా వంశమును గూర్చి రెండు మాటలు. ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హాములో జోసెఫ్ హడ్సన్ అను పనివాడు 19వ శతాబ్దపు చివరి పాదమున మా పొట్టలో బెండుగింజ నొకదానిని పెట్టెను. ఊపిరి తగిలినప్పుడు ఆ గింజ గిరగిర తిరిగి గాలిని క్షణక్షణమును అడ్డగించుటవలననే మా గొంతులో ఆ కంపము పుట్టును. 1980వ దశకమున కెనడా దేశస్థుడైన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అను రిఫరీ, గట్టిగా ఊదవలసిన వేళనే గింజ చిక్కుకొని ఈల నోరు మూతపడుటకు విసిగి, గింజయే లేని ప్లాస్టిక్ ఈలను తయారుచేయించెను. ఇన్ని యేండ్లలో ఆమె మెడలోని త్రాటికి ఎన్ని ఈలలు మారినవో ఎవ్వరును లెక్క వ్రాసి యుంచలేదు. ఈల జాతికి ప్రాణము ఊదువారి యూపిరియే గనుక, ఆ యూపిరి యొక్కటియే గనుక, మేమందరమును ఒక్కరమే యని యెంచి ‘నేను’ అనుచున్నాను.

ఆమెను నేను దొరసాని యందును. దొరసాని యనగానే పల్లకీ నూహింపవలదు. 1952 జూన్ 14న టెనెసీలోని క్లార్క్స్‌విల్‌లో, పాడి రైతు ఇంట, ముగ్గురన్నల వెనుక పుట్టిన పిల్ల ఆమె. పసినాటనే పాలు పిదుకుటయు, పొగాకు చేలలో పనియు, ఎండుగడ్డి మోపులు మోయుటయు అలవడినవి. పగటి పని ముగిసిన పిమ్మట గడ్డి దాచు కొట్టపు అటకమీద, అన్నలతో సరిసమానముగ తోపులాడుచు బుట్టలో బంతి వేయుట నేర్చెను. ఆ యూరి పాఠశాలలో ఆడపిల్లలకు జట్టు లేకుండుటచే, ఆమె తండ్రి కుటుంబము నంతటిని జట్టుగల హెన్రియెటాకు మార్చెను. మెచ్చుకోలు మాట నోట రాని మనిషి యని పేరుపడిన ఆ తండ్రి, కూతురి బంతియాట కొరకు కాపురమే మార్చుట నాకు నేటికిని వింతగనే యుండును.

ఆ కాలమున టెనెసీ ఉన్నత పాఠశాలలలో బాలికల ఆట మగపిల్లల ఆట వంటిది కాదు. జట్టునకు ఆరుగురు, ముగ్గురు ఒక సగమున, ముగ్గురు వేరొక సగమున, నడిమి గీత నెవ్వరును దాటరాదు. నిండు ఆటస్థలము పరుగెత్తినచో ఆడుదాని దేహము తాళదని పెద్దల భయము. 1970వ దశకము చివరిదాక ఈ పద్ధతి సాగినది. ఆ నడిమి గీతతో నాకు మిక్కిలి పరిచయము. దొరసాని తన శిష్యురాండ్రచేత దానిని దాటించిన పర్యాయములను లెక్కింపబూనినవాడు ఆ పనియందే ముసలివాడగును.

1972లో అమెరికాలో ‘టైటిల్ నైన్’ అను శాసనము వచ్చి, ప్రభుత్వ ధనము పుచ్చుకొను విద్యాలయములలో స్త్రీ పురుష భేదము చూపరాదని విధించెను. శాసనము వచ్చినంతనే సౌకర్యము వచ్చునా? రెండేండ్లకు, మార్టిన్ పట్టణమున పట్టభద్రురాలై పై చదువునకు నాక్స్‌విల్ చేరిన దొరసాని, ఉపశిక్షకురాలిగ నుండవలసినది, ప్రధాన శిక్షకురాలు సెలవుపై పోవుటచే 22వ యేటనే ఆ పీఠ మెక్కెను. జీతము నెలకు 250 డాలర్లు. ఆటగత్తెలలో కొందరు ఆమెకంటె ఒక్క యేడు మాత్రమే చిన్న. జట్టు దుస్తులు ఉతుకుట ఆమెయే, పొరుగూరి ఆటలకు వ్యాను నడుపుట ఆమెయే. ఆ దుస్తులైనను అంతకుముందు డోనట్లు అమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్నవి. ఇంటిలో ‘ట్రిష్’ అని పిలువబడిన పిల్ల, ఇక్కడివారు ‘పాట్’ అని పిలువగా దిద్దుటకు బిడియపడి ఆ పేరుననే నిలిచిపోయెను. తన పేరు దిద్దుటకు సంకోచించిన ఆమె, ఆ పిమ్మట ఒకరి తప్పును దిద్దక విడిచినట్లు నేనెరుగను. 1974 డిసెంబరు 7న మెర్సర్ జట్టుతో మొదటి ఆట. 84–83, ఒక్క పాయింటుతో ఓటమి.

అప్పటికి ఆమె ఆట మానలేదు సుమీ. కాలేజీ చివరి యేట మోకాలి బంధనము తెగి శస్త్రచికిత్స జరిగియుండెను. తరగతులు చదువుచు, తరగతులు చెప్పుచు, జట్టును నడుపుచు, మిగిలిన వేళలలో తన మోకాలికి తానే కఠిన శిక్షకురాలై, 1976లో మాంట్రియల్ చేరెను. ఒలింపిక్సులో స్త్రీల బాస్కెట్‌బాల్ మొట్టమొదట ప్రవేశించినది ఆ యేడే. అమెరికా జట్టు నాయకురాండ్రలో ఒకతెగా ఆడి రజత పతకము తెచ్చుకొనెను. బంగారము సోవియట్ జట్టునకు దక్కెను. 1984లో లాస్ ఏంజెలిస్‌లో స్వదేశపు జట్టునకు శిక్షకురాలై ఆ బంగారమును గూడ సాధించెను.

ఇక నా పని యెట్టిదో చెప్పెదను. ఆడపిల్లలు ఆటస్థలపు కొన గీతకడ వరుసగ నిలుతురు. నేను మ్రోగగానే దగ్గరి గీతవరకు పరుగెత్తి, వంగి వ్రేలితో గీతను తాకి, వెనుకకు మరలవలెను. తరువాత నడిమి గీతకు, మరల వెనుకకు. తరువాత ఆవలి గీతకు, మరల వెనుకకు. తుదకు 94 అడుగుల నిడివి యంతయు పోయి రావలెను. చెమట చుక్కలు నున్నని మేపుల్ చెక్కపై పడి మెరయును. బూట్ల రబ్బరు మలుపు మలుపునకు కీచుమనును. పదిమందిలో ఒకతె గీతకు జానెడు దూరముననే మరలినచో మునిగిపోయిన దేమియని మీరును నేనును అనుకొందుము. దొరసాని అట్లనుకొనదు. ఆమె ఊపిరి పీల్చిన సవ్వడి మొదట నాకే వినబడును. వెంటనే నేను మ్రోగుదును. ఒక్కతె తప్పునకు అందరును మొదటికి రావలెను. తప్పు చేసిన పిల్లను తిట్టుటకంటె చూచుట యెక్కువ. ఆ నీలికన్నుల తీక్ష్ణతను గూర్చి పత్రికలవారు చాల వ్రాసిరి. నేనామె రొమ్ముపై నుండుటచే ఆ చూపు నా ముఖమున పడుట అరుదు. దానిని నా పూర్వపుణ్యమనియే తలంతును.

దిద్దుబాటునకు ఆమెకడ ఒక మర్యాద యుండెను. తప్పు చెప్పినప్పుడు పిల్ల సాకులు వెదుకక ‘రీబౌండ్’ అని బదులు పలుకవలెను; మెచ్చినప్పుడు ‘టూ పాయింట్స్’ అనవలెను. బుట్ట అంచును తాకి వెనుకకు వచ్చిన బంతిని ఎగిరి రెండు చేతుల నందుకొందురు గదా, విమర్శను గూడ అట్లే అందుకొమ్మని. క్రొత్తగ వచ్చిన పిల్లలనోట రెండవ మాటకంటె మొదటిదియే హెచ్చుగ వినబడుచుండెను. మరియొక యేర్పాటు: విశ్వవిద్యాలయములో చదువు మగపిల్లలను కొందరిని తెచ్చి తన జట్టునకు ఎదురు నిలిపి ఆడించుట. తమకంటె పొడగరులును వడిగలవారును అడ్డునిలిచి బంతి లాగుకొనుచుండగా నిలద్రొక్కుకొనిన పిల్లకు, ఆటనాటి ప్రత్యర్థిని కొంత సులభముగనే తోచును. ఆ కుర్రవాండ్రకు చప్పట్లు లేవు, పత్రికలలో పేర్లు లేవు. ఆటనాడు వారును నావలె మూగలే. నాకు వారియందు కొంత బంధుప్రీతి.

చదువు విషయమున నేను ప్రత్యక్ష సాక్షిని కాను గాని నియమము తెలియును: తరగతి ఎగవేసిన పిల్లకు ఆటలో చోటు లేదు, తరగతిలోనైనను మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెను. ఆమెకడ చివరివరకు ఆడిన పిల్లలందరును పట్టము పుచ్చుకొనిరి, నూటికి నూరుగురు. ఎనిమిది జాతీయ బిరుదులకంటె ఈ యంకెయే నాకు గొప్పదిగ తోచును.

1997లో వచ్చిన టమీకా క్యాచింగ్స్ అను పిల్ల నా విద్యకే పరీక్ష. పుట్టుకతో రెండు చెవులకును వినికిడి లోపము. చిన్ననాట తోటిపిల్లలు వెక్కిరించిరని శ్రవణయంత్రములను పారవైచి, పెదవుల కదలికను కనిపెట్టుచునే అంతదాక వచ్చినది. నేనెంత బిగ్గరగ మ్రోగినను ఆమెకు ఎంత చేరినదో నేను చెప్పజాలను. ఆమె కన్నులు చెవుల పనిని గూడ నిర్వహించుచుండెను. చూపునకు ప్రసిద్ధికెక్కిన శిక్షకురాలికి చూపుతోనే వినగల శిష్యురాలు దొరకుట చిత్రము కాదా! అయినను దొరసాని దానితో తృప్తిపడలేదు. శ్రవణయంత్రములను మరల ధరింపుమనియు, ఉచ్చారణకు శిక్షణ పొందుమనియు నచ్చజెప్పెను. టమీకా తరువాత నాలుగు ఒలింపిక్సులలో బంగారు పతకములు గెలిచెను.

బిరుదుల మాట వినికిడియే గనుక వేగముగ చెప్పివిడిచెదను. తుది నాలుగు జట్లలోనికి పోయి వట్టి చేతులతో మరలిన యేండ్లు పెక్కు గడచిన పిమ్మట, 1987లో లూసియానా టెక్ జట్టుపై 67–44తో మొదటిది. ఆపైన 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. వీనిలో 1998 నాటి జట్టు 39 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. లోకము దానినే పొగడును. నా మెప్పు అంతకుముందటి యేటి జట్టునకు. ఆ యేడు పది ఆటలు ఓడియు తుదకు గెలిచిరి. ఓటమి పిదప జరుగు అభ్యాసమెట్టిదో ఎరిగినదానను గనుక, ఆ పది ఓటములకు వారు చెల్లించిన వెల నాకు తెలియును. 2005లో 880వ విజయముతో, పురుషుల జట్టును నడిపిన డీన్ స్మిత్ లెక్కను మించినప్పుడు, ఆ చెక్కనేలకు ‘ద సమిట్’ అని పేరుపెట్టిరి. నేలకు పేరు వచ్చినదని దానిపై పరుగులు తగ్గలేదు.

నేను చూడక విన్న కథలలో మిక్కిలి నవ్వించినది 1990 నాటిది. దొరసాని నిండు చూలాలై యుండియు, మిషెల్ మార్సీనియాక్ అను బాలికను జట్టునకు పిలుచుకొనుటకై పెన్సిల్వేనియాకు విమానములో పోయెను. అక్కడనే నొప్పులు మొదలైనవి. తిరుగు ప్రయాణమున వర్జీనియాలో దిగుదమన్నచో, వల్లకాదనెనట. ఆ యేటి పోటీలలో టెనెసీని ఇంటికి పంపిన జట్టు వర్జీనియాదే! బిడ్డడు టెనెసీలోనే పుట్టెను. ఆ బాలిక మొదట వేరొక విశ్వవిద్యాలయమునకు పోయి, పిదప మనసు మార్చుకొని దొరసానికడకే వచ్చి 1996 బిరుదును గెలిపించినది.

ఇట నొక మాట చెప్పక ఉండజాలను. టైటిల్ నైన్ రాకముందు స్త్రీల జట్లకు శిక్షకులు నూటికి తొంబదిమంది స్త్రీలే. జీతములును గౌరవమును పెరిగిన పిమ్మట పురుషులు ఆ పీఠములను వరించిరి. స్త్రీల వంతు సగముకంటెను తక్కువకు దిగజారినది. దొరసాని వార్షిక వేతనము తుదకు పది లక్షల డాలర్లు దాటినది, స్త్రీల బాస్కెట్‌బాల్‌లో అట్టిది అదియే మొదలు. 250 డాలర్ల నాడు, దుస్తుల మూట ఉతుకవలసిననాడు, ఆ పనికి పోటీ వచ్చిన పురుషుని పేరు నేను వినలేదు.

2011లో ఆమెకు అల్జీమర్స్ అను మతిమరపు వ్యాధి ముందుగనే అంకురించినదని వైద్యులు తేల్చిరి. దానిని దాచియుండవచ్చును; కాని ఆగస్టులో తానే లోకమునకు చెప్పెను, చెప్పి అభ్యాసమునకు వచ్చెను. ఆ యేడు ఉపశిక్షకురాండ్రు భారములో పెద్దపాలు మోసిరి. వారిలో ముందున్న హాలీ వార్లిక్, 1970వ దశకమున ఆమెకడనే ఆడి, ఆ పిమ్మట 27 యేండ్లు ఆమె ప్రక్కనే ఉపశిక్షకురాలిగ కూర్చున్నది. ఆ జట్టు 27 ఆటలు గెలిచి, బేలర్ జట్టు చేతిలో ఓడి ఇంటికి వచ్చినది. 2012లో దొరసానికి దేశాధ్యక్షుడు ఒబామా స్వాతంత్ర్య పతకము నిచ్చెను. 2016 జూన్ 28న నాక్స్‌విల్‌లో, 64వ యేట ఆమె కన్నుమూసెను. అప్పటికి నేను వేరొకరిదానను. 2012 ఏప్రిలులో, పాత్రికేయుల యెదుట, నన్ను త్రాటితోకూడ హాలీ చేతిలో పెట్టియుండెను.

హాలీ ఊపిరి వేరు. తొలినాళ్లలో నా గొంతు నాకే క్రొత్తగ వినబడినది. పిల్లలు కొన గీతకడ నిలిచిరి, మ్రోగితిని, పరుగెత్తిరి. మూడవ మలుపున ఒక పొడుగు పిల్ల గీతను తాకకయే మరలినది. చూచిరో లేదో యని ఓరకంట హాలీ వంక చూచినది. వెంటనే ఊపిరి లోనికి పోవుట వింటిని. మ్రోగితిని, గొణుగుకొనుచు, నడుములపై చేతులు వేసికొని, అందరును మొదటికి వచ్చిరి.